గుడ్డు సీసా, మిషన్ గొట్టం

నా ఉద్యోగం గుడ్లు కడగడం. ఎవరైనా ఏం చేస్తావని అడిగితే ల్యాబులో పని అంటాను. అంతవరకు గౌరవంగానే చూస్తారు. ల్యాబులో ఏం పని అని ఇంకా లోతుకు పోయినవాళ్లకే గుడ్ల సంగతి చెప్పాల్సి వస్తుంది. సబ్బునీళ్లలో నానబెట్టి, రుద్ది, కడిగి, ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడిచి, ఒక్కొక్కటి పగలగొట్టి గిన్నెలో పోసేదాకా బాధ్యత నాదే. ఇంత శుభ్రంగా ఆమ్లెట్ వేసే హోటల్ కరీంనగర్ మొత్తంలో లేదు. అయితే మా గుడ్లు తినేది మనుషులు కాదు, క్షయ క్రిములు. మనిషి ఊపిరితిత్తులు తిన్నది చాలక వాటికి మళ్లీ గుడ్లతో విందు.

ఎందుకంత మర్యాద అంటే కారణం ఉంది. దగ్గేవాళ్ల కళ్లెను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే క్రిమి కనిపించవచ్చు. కాని కొన్నే ఉంటే కనిపించవు. కనిపించినా బతికి ఉన్నాయో, మందులకు చచ్చి పడి ఉన్నాయో మైక్రోస్కోపు చెప్పలేదు. అది తేలాలంటే వాటికి తిండి పెట్టి, వెచ్చగా ఉంచి, పెరుగుతాయా అని చూడాలి. పెరిగితే బతికున్నట్టు. దీన్నే కల్చర్ అంటారు. ఆదిలాబాద్ అడవి ఊళ్ల నుంచి, బొగ్గు బాయిల కాలనీల నుంచి, మగ్గాల ఊళ్ల నుంచి ఐసు డబ్బాల్లో కళ్లె సీసాలు మా ల్యాబుకు వస్తాయి.

తిండి పెట్టే పద్ధతులు రెండు. పాత పద్ధతి నాది, అంటే గుడ్లది. సొనను గిలక్కొట్టి, పలుచని గుడ్డలో వడగట్టి, ఏవో ఉప్పులు, ఒక ఆకుపచ్చ రంగు మందు కలిపి, చిన్న సీసాల్లో పోసి, ఏటవాలుగా పడుకోబెట్టి వేడి చేస్తే జున్నులా గడ్డకడుతుంది. పచ్చ రంగు జున్ను. దాని మీద కళ్లె చుక్క వేసి వెచ్చటి పెట్టెలో ఉంచుతారు. ఆ పచ్చ మందు వేరే క్రిములను రానివ్వదు. క్షయ క్రిమి మాత్రం నిమ్మళంగా, వారాల తరబడి తిని, చివరికి గోబీ పువ్వు ముక్కల్లా పైకి తేలుతుంది. మన కళ్లకే కనిపిస్తుంది.

కొత్త పద్ధతి మిషన్‌ది. గొట్టంలో నీళ్లలాంటి తిండి ఉంటుంది. అందులో కళ్లె కలిపి మిషన్‌లో పెడితే, క్రిములు గాలి పీల్చడం మొదలుపెట్టగానే గొట్టం అడుగున వెలుగు వస్తుంది. మిషన్ కీచుమని అరుస్తుంది. క్రిమి ఉంటే గుడ్డుకన్నా చాలా ముందు చెబుతుంది.

ఈ సంగతులు జరిగిన ఏడు పైనుంచి ఆర్డర్ వచ్చింది. వచ్చిన ప్రతి కళ్లెను రెండు పద్ధతుల్లోనూ పెట్టి ఏది మేలో తేల్చమన్నారు. అంతే, ల్యాబు రెండు పార్టీలైంది. రిటైర్మెంటుకు దగ్గరున్న టెక్నీషియన్ సారు గుడ్డు పార్టీ. కొత్తగా వచ్చిన మైక్రోబయాలజిస్టు మేడం మిషన్ పార్టీ. టీ తాగేటప్పుడు రోజూ ఇదే పంచాయితీ.

"మేడం, కరెంటు పోతె మీ మిషన్ పండుకుంటది. నా గుడ్డుకు ఆ ఫికర్ లేదు" అనేవాడు సారు.

"మీ గుడ్డు పెట్టే పెట్టె ఏమన్న కట్టెల పొయ్యి మీద నడుస్తదా సార్?" అనేది మేడం.

"మీ మిషన్ ఊకె మొత్తుకుంటది. జర ఏదన్న పుల్లగైనా మొత్తుకుంటది."

"మీ గుడ్డు నోరిప్పేసరికి పేషెంటు పేరే యాదిమరుస్తం మనం."

నేను గుడ్డు పార్టీయే. సిద్ధాంతం ఏమీ లేదు. మిషన్ గొట్టాలు సీలుతో వస్తాయి, అందులో కడగడానికి ఏమీ ఉండదు. గుడ్డు ఓడిపోతే నా చేతిలో పీచు కూడా ఓడిపోతుంది.

ఇక నా నోటి సంగతి చెప్పాలి. అక్షరాలు నాకు తల సగం నెరిశాక వచ్చాయి. సీసాల మీద పేర్లు, నంబర్లు చూసి చూసి, సారును అడిగి అడిగి నేర్చుకున్నాను. ఆలస్యంగా చదువు వచ్చినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. కనిపించిందల్లా చదవాలి, చదివిందల్లా ఎవరికో ఒకరికి చెప్పాలి. బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్లకు దారి పొడవునా షాపుల బోర్డులన్నీ ఉచితంగా వినిపిస్తాను. ల్యాబు గోడల మీద అంటించినవన్నీ చదివేశాను. మా బిడ్డకు చెన్నూరులో సంబంధం కుదిరినప్పుడు, వియ్యపురాలి ముందు ఆ గోడలన్నీ ఒప్పజెప్పాను.

ఆమె చేటలో బియ్యం చెరుగుతూ విన్నది. "గుడ్లతోటి రోగం తెల్సుడేంది వదినె? మా దిక్కు గుడ్డుతోని దిష్టి తీసి మూడు బాటల కాడ పారేస్తరు" అన్నది.

"గట్ల కాదు వదినె. మైక్రోస్కోపుకు సగం రోగం దొర్కనే దొర్కదు. కల్చర్ అంటెనే అసలు ముచ్చట. కల్చర్ చెప్పందే మేం ఏదీ నమ్మం" అన్నాను.

"మేం" అన్నాను చూశారా! గుడ్లు కడిగే నేను, పెద్ద డాక్టర్లు, అందరం ఒక్కటే అన్నట్టు. వియ్యపురాలు చేట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. గెలిచాననుకున్నాను.

బిడ్డ పెళ్లయిన మరుసటి ఏడు మా ఆయనకు దగ్గు ముదిరింది. ఆయన శ్రీరాంపూర్‌లో బొగ్గు బాయి దిగి పనిచేసి రిటైరైన మనిషి. ఆ కాలనీల్లో దగ్గు ఒక పలకరింపు లాంటిది. ఇంటి ముందు నుంచి పోయేవాడు దగ్గుతాడు, లోపలివాడు దగ్గుతాడు, ఇద్దరూ బాగున్నారని అర్థం. అందుకే మేము మొదట్లో పట్టించుకోలేదు. కరీంనగర్ వచ్చి కిరాయింట్లో ఉండగా సాయంత్రం జ్వరాలు మొదలై, చొక్కా భుజాల మీద వేలాడే స్థితి వచ్చాక పరీక్ష చేయిస్తే క్షయ అన్నారు. క్షయ ల్యాబులో పనిచేసే మనిషి ఇంట్లోనే క్షయ. మేడం వెంటనే నాకూ పరీక్షలు చేయించింది, నాకు ఏమీ లేదు. సారు మాత్రం "ఇంటిపని ఇంట్లనే, ల్యాబు పని ల్యాబుల చెయ్యాలె అక్కా" అని నవ్వించబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు.

మాత్రలన్నీ చెప్పినట్టే మింగాడు. మింగే ముందు వాటిని తిట్టేవాడు, మింగాక నన్ను తిట్టేవాడు. దగ్గు తగ్గింది, ఒంటికి కండ పట్టింది. కోర్సు చివరలో మైక్రోస్కోపు కింద చూసి ఏమీ లేదన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బిడ్డకు నెలలు నిండుతున్నాయి. తొలుసూరు కాన్పు తల్లిగారింట్లో కావాలి. ఒడి నింపి తోలుకొచ్చే రోజు ఎప్పుడు పెట్టుకుందామని వియ్యపురాలికి ఫోన్ చేశాను.

"మంచిదే వదినె. మా అన్నకు దగ్గుడు బందయ్యిందా?" అని అడిగింది. అన్న అంటే మా ఆయన.

"బందయ్యింది. మైక్రోస్కోపుల సూసిండ్రు, ఏం లేదు."

"మైక్రోస్కోపుకు సగం రోగం దొర్కదంటివి గద?"

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"కల్చర్ చెప్పందే మీరు నమ్మమంటిరి. మేమెట్ల నమ్ముతం మరి? కల్చర్ జేపియ్యి వదినె. ఏం లేదని వస్తె నేనే కార్ల కూసోపెట్టి తోలిస్త. రాకపోతె కాన్పు మా ఇంట్లనే."

ఫోన్ పెట్టేశాక బిడ్డ తన ఫోన్ నుంచి చేసింది. "అవ్వా, నీకు చదువు చెప్పినోళ్లు ఎవలో గని వాళ్లకు దండం" అన్నది.

డాక్టరు దగ్గరికి పోయాం. మాత్రలు సక్రమంగా వాడాడు, మైక్రోస్కోపులో లేదు, ఇక ఇతని నుంచి ఎవరికీ అంటదు, భయం లేదన్నాడు. ఎలాగూ కోర్సు ముగిసింది కాబట్టి కల్చర్ కూడా చేయిద్దామని రాశాడు. భయం లేదన్న మాట వియ్యపురాలికి చెప్పాను. "డాక్టర్ ఇంట్ల బాలింత లేదు గద" అన్నది. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా వాదించలేదు. పుట్టబోయే పిల్ల సంగతి వచ్చేసరికి నాకూ లోపల ఎక్కడో గుబులు ఉంది.

కళ్లె పట్టే రోజు పొద్దున పెద్ద నాటకమే జరిగింది. దీనికి పద్ధతి ఉంది. ఏమీ తినకముందు, నోరు కడుక్కుని, గాలి లోతుగా పీల్చి, ఛాతీ అడుగు నుంచి దగ్గి తీయాలి. చాలామంది ఉమ్మి పట్టుకొస్తారు, అది పనికిరాదు. ఇవన్నీ చెప్పి సీసా చేతికిచ్చి పెరట్లోకి పంపాను.

కాసేపటికి వచ్చి సీసా చూపించాడు.

"ఇది ఉమ్మి" అన్నాను.

"అంతే ఉన్నది."

"ఏడాదంతా దగ్గి దగ్గి మమ్ముల సంపితివి. ఇయ్యాల జెర్రంత కళ్లె తియ్యవస్తలేదా?"

"నువ్వు నా మొఖం ముంగట నిలబడి ఇన్స్పెక్టర్ లెక్క సూస్తె కళ్లె గాదు, పానం గూడ పైకి రాదే. లోపలికి పో!"

లోపలికి పోయాను. అన్నం వండేంతసేపు పెరట్లో నుంచి రకరకాల చప్పుళ్లు వినిపించాయి. చివరకు బాయిలో నుంచి బొగ్గు టబ్బు ఒక్కడే మోసుకొచ్చినవాడిలా సీసా ఎత్తి పట్టుకుని వచ్చాడు. నిజమైన కళ్లె. అంతగా వచ్చినందుకు భయపడాలో సంతోషపడాలో నాకు తెలియలేదు.

సారు ఆ కళ్లెను మందు కలిపి శుద్ధి చేసి, కొంత గుడ్డు సీసాల్లో వేశాడు, కొంత మేడం గొట్టంలో వేశాడు. ఆ బ్యాచ్ గుడ్లను నేను దేవుడి సామాను కన్నా ఎక్కువ తోమాను. ఇంట్లో దేవుడు చూసి ఉంటే అలిగేవాడు.

కొన్ని రోజులకే మిషన్ అరిచింది. మిషన్ అరవడం రోజూ ఉండేదే, నేను తల కూడా ఎత్తలేదు. మేడం గుడ్ల గదిలోకి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మామూలుగా ఆమె గుడ్ల గదికి రాదు, శత్రువుల ఇలాకా.

"అమ్మా, మీ ఆయన గొట్టం మోగింది" అన్నది. "ఇప్పుడే ఏమీ అనుకోకు. స్లైడ్ తీసి చూస్త."

నా చేతిలో గుడ్డు ఉంది. దాన్ని పగలకుండా గిన్నెలో ఎలా పెట్టానో తెలియదు. చిన్న స్టూలు మీద కూర్చున్నాను. బిడ్డ పెద్ద కడుపు, వియ్యపురాలి చేట, మళ్లీ నెలల తరబడి మాత్రలు, ఈసారి ఇంకా పెద్ద మాత్రలు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకు వచ్చాయి. సారు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నా గుడ్డు ఏమంటలేదక్కా" అన్నాడు ధైర్యం చెప్పడానికి.

"ఇంత జల్ది అదేమంటది సార్? అది నెలకుగని నోరిప్పదాయె."

పార్టీ ద్రోహం చేసినట్టు నా వైపు చూశాడు.

మేడం స్లైడుకు రంగులు వేసి, ఆరబెట్టి, చూసి వచ్చేసరికి నా నడుము పట్టేసింది. క్షయ క్రిమి అయితే ఎర్రటి సన్నని పుల్లల్లా కనిపించాలి.

"ఎర్ర పుల్లలు ఒక్కటి గూడ లేవు. వేరే పురుగులు పెరిగినయి. గొట్టం చెడిపోయింది."

"అంటె మా ఆయనకు లేనట్టా మేడం?"

"ఉన్నట్టు కాదు, లేనట్టు కాదు. ఖరాబైన గొట్టం ఏం చెప్పదు. మళ్లీ కళ్లె తే."

"నేను మొదటిసంది చెప్తలేనా..." అని సారు ఎగిరాడు. మేడం ఒక్క చూపు చూసింది. సారు గుడ్ల గిన్నె మీద మూత సరిచేయడంలో మునిగిపోయాడు.

"ఆ రోజు పొద్దున ఏమన్న తిన్నడా?" అని మేడం నన్ను అడిగింది. తినలేదని ఒట్టు వేశాను. నేనే దగ్గరుండి పంపాను మరి.

ఇంటికి వచ్చి ఆయనను నిలదీశాను.

"ఏం తినలే" అన్నాడు.

"నోట్ల ఏం పెట్టుకోలే?"

"పెట్టుకునుడు తినుడైతదా?"

"ఏం పెట్టుకున్నవ్?"

"బెల్లం ముక్క."

చెప్పిన తీరు చూస్తే అది గాలి పీల్చడం లాంటిదన్నట్టు ఉంది. ఆయనకు అది అలాంటిదే. బాయి నుంచి పైకి రాగానే బెల్లం ముక్క బుగ్గన పెట్టుకోవడం ఆయన తోటివాళ్లందరికీ అలవాటు. గొంతులో పేరుకున్న బొగ్గు దుమ్మును బెల్లం లాగేస్తుందని వాళ్ల నమ్మకం. కళ్లె తేలాలంటే బెల్లమే. సద్ది డబ్బాలో అన్నం తక్కువైనా ఊరుకునేవాడు గాని, బెల్లం మరిచిపోతే ఇంటికి వచ్చాక ఊరుకునేవాడు కాదు. ఇన్నేళ్లు ఆ ముక్కను కాగితంలో చుట్టి పెట్టింది నేనే. తినవద్దని చెప్పానే గాని, బెల్లం వద్దని చెప్పాలని నాకు తట్టలేదు. అది మా ఇంట్లో తిండి కింద లెక్కే కాదు.

"కళ్లె రాకుంటె ఏం జెయ్యమంటవ్ మరి? నువ్వు కళ్లె కావాలంటివి, తెచ్చిన. బెల్లం లేకుంటె ఉమ్మే వచ్చేది" అన్నాడు. న్యాయంగానే ఉంది.

మేడంకు చెబితే నవ్వు ఆపుకోలేకపోయింది. తరువాత వివరించింది. బెల్లంలో కొన్ని క్రిములు గట్టి పెంకులో నిద్రపోతున్నట్టు ఉంటాయట. సారు కలిపే శుద్ధి మందుకు కూడా అవి చావవట. గొట్టంలో మెత్తటి తిండి దొరకగానే లేచి, క్షయ క్రిమి కన్నా ముందు విందు మొదలుపెడతాయట.

"అయితే బెల్లమే చేసింది" అన్నాను.

"కావచ్చు. వేరేది గూడ కావచ్చు. మా గొట్టానికి ఏదైనా చాలు" అన్నది. మిషన్ పార్టీ నుంచి అంత నిజం రావడం అదే మొదలు.

విచిత్రం ఏమిటంటే అదే కళ్లె, అదే బెల్లం గుడ్డు సీసాల్లోనూ పడ్డాయి. అక్కడ ఆ పచ్చ మందు బెల్లం క్రిములను లేవనివ్వలేదు. సీసాలు శుభ్రంగా ఉన్నాయి. సారు ఆ వారమంతా కాలర్ పైకెత్తుకుని తిరిగాడు. గుడ్డు మొండిది, మిషన్ చురుకైనది. మిషన్ చురుకుతనం అందరితోనూ కలిసిపోతుంది, కల్మషంతో కూడా. గుడ్డు ఎవరినీ తొందరగా నమ్మదు. ఇన్నాళ్లుగా వాళ్లు పోట్లాడుకునేదంతా ఇదేనని మా ఆయన కళ్లె చూశాకే నాకు అర్థమైంది.

బెల్లం లేకుండా కళ్లె రావడానికి చాలా రోజులు పట్టింది, మొదటిది పట్టిన మూడు వారాలకు రెండోసారి పట్టాం. ఈసారి కాచి చల్లార్చిన నీళ్లతో నోరు పుక్కిలింపజేసి, జేబులు వెతికి పెరట్లోకి పంపాను. చేతులు పైకెత్తి వెతకనిచ్చాడు పాపం. అది మేడం కొత్త గొట్టంలోకి పోయింది. ముందు మొదలైన గుడ్డు సీసా ఒక వైపు, ఆలస్యంగా మొదలైన గొట్టం ఒక వైపు.

ఇక్కడే అసలు తిరకాసు. క్రిమి ఉంటే మిషన్ రెండు మూడు వారాల్లో అరుస్తుంది. లేదని చెప్పాలంటే మాత్రం ఆరు వారాలు నిండాలి. గుడ్డుకైతే ఎనిమిది. అంటే మనిషి బాగుంటేనే ఎక్కువ రోజులు ఎదురుచూడాలి. ఇదేం న్యాయమని మేడంను అడిగితే, "లేదు అనేది సులువుగా అనే మాట కాదమ్మా" అన్నది.

ఇదంతా వియ్యపురాలికి ఫోన్‌లో చెప్పడం నా వల్ల కాలేదు.

"ఏమన్న మొలిసిందా వదినె?"

"ఏం మొలువలే."

"మరింకేంది, కాయితం తియ్యి."

"ఇంకా మొలువొచ్చు. ఆగాలె."

"మొలువకపోతె మంచిదంటవ్. మొలుస్తదేమోనని ఆగుతున్నమంటవ్. మేం పత్తి గింజ పెడితె వారంల తెలుస్తది మొలిసిందో సచ్చిందో. మీది ఏం వ్యవసాయమో!"

మధ్యమధ్య బిడ్డ ఫోన్ లాక్కునేది. "అవ్వా, నేనొస్త. మాస్కు పెట్టుకోనుంట. ఈడ అత్తమ్మ నన్ను మంచం దిగనిస్తలేదు, పులుపు తిననిస్తలేదు" అనేది. వెనక నుంచి వియ్యపురాలు "పులుపు తింటె నీకే గదా గుండె మంట!" అనడం వినిపించేది.

ఒకరోజు మా ఆయన భోజనం చేస్తూ కంచం పక్కన పెట్టి అన్నాడు. "నేను నస్పూర్ పోత. దోస్తు ఇంట్ల ఓ గది ఖాళీ ఉన్నది. కాన్పయ్యేదాక ఆడనే ఉంట. నువ్వు బిడ్డను తెచ్చుకో."

ఆ మాట నేనే ఎప్పుడో అనుకుని నోట్లోనే దాచుకున్నాను. ఆయన నోట వినేసరికి సిగ్గేసింది. "నీకు ఆడ అన్నం ఎవలు పెడ్తరు?" అన్నాను.

"బాయిల పనిచేసినోన్ని, అన్నం వండుకోరాదా?"

"నువ్వు వండినన్నం నాకెర్కే."

బిడ్డకు ఈ సంగతి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. "బాపును ఇంట్లకెల్లి ఎళ్లగొట్టి నేనొచ్చుడు ఏం తల్లిగారిల్లు అవ్వా? గట్లయితె నేను రాను" అన్నది. ఆ తరువాత పులుపు గురించి ఫిర్యాదులు కూడా మానేసింది.

సీసా దగ్గరికి నన్ను పోనివ్వరు, ఆ గది వేరు. సారు వారానికోసారి చూసి వచ్చి చెప్పేవాడు. "పచ్చగనే ఉన్నదక్కా, గడ్డి మైదానం లెక్క." మేడం మాత్రం ఏమీ చెప్పేది కాదు. అరిస్తే నీకే వినిపిస్తుంది కదా అనేది. నేను గుడ్లు తోముతూ చెవులు మాత్రం అవతలి గదిలో పెట్టేదాన్ని. ఎవరి గొట్టం మోగినా పీచు వదిలేసి తలుపు దాకా పోయేదాన్ని. మా ఆయనది కాదని తెలియగానే సంతోషించేదాన్ని. అది ఇంకెవరి ఇంట్లోనో పిడుగు పడ్డ చప్పుడని తరువాత గుర్తొచ్చి, సంతోషం మింగేదాన్ని.

గుడ్డుకు గడువు ఇంకా కొద్దిగా ఉందనగా అల్లుడు ఫోన్ చేశాడు. నొప్పులు వచ్చాయి, మంచిర్యాల తీసుకుపోతున్నాం అన్నాడు. నేను బస్సెక్కాను. మా ఆయన బస్టాండు దాకా వచ్చి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. "పోయినంక ఫోన్ చెయ్యి" అన్నాడు. తానూ వస్తానని అనలేదు, నేనూ రమ్మనలేదు. బస్సు కదిలాక కూడా అక్కడే నిలబడి, వేరే బస్సు డ్రైవరుతో తిట్లు తిన్నాడు.

నేను చేరేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. చెన్నూరుకే తీసుకుపోయారు. బాలింతకు నీళ్లు కాచడం, కాళ్లు పిసకడం, వెల్లుల్లి కారం నూరడం, అన్నీ వియ్యపురాలే చేసింది. నేను లేస్తే, "కూసో వదినె, నువ్వు సుట్టానివి" అనేది. నా బిడ్డ తొలి కాన్పులో నేను కుర్చీలో కూర్చుని టీ తాగాను. తప్పులు పడదామని ఆమె చేసే పనులన్నీ కన్నార్పకుండా చూశాను. పిల్లకు స్నానం చేయించేటప్పుడు మోచేతితో నీళ్లు చూసే తీరు, నూనె రాసే తీరు, నాకన్నా బాగా చేసింది. అది ఇంకా కోపం తెప్పించింది.

బిడ్డ మంచంలో నుంచి నన్నే చూస్తున్నది. "బాపు తిన్నడా?" అని మాత్రం అడిగింది.

పిల్లకు పురుడు వేడుక కూడా కాకముందే సారు ఫోన్ వచ్చింది. గుడ్డు గడువు ముగిసింది, ఏమీ మొలవలేదు. తరువాతి వారం మేడం చేసింది. గొట్టం గడువూ ముగిసింది, మోగలేదు. నేను ఫోన్‌లో వచ్చిన రిపోర్టును వియ్యపురాలికి గట్టిగా చదివి వినిపించాను. పెరుగుదల లేదు అని ఉంది.

"పెరుగుదల లేదంటె ఇంత సంబురపడేటోళ్లను నిన్నే జూస్తున్న వదినె" అన్నది. అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎందుకని అడిగితే పొయ్యిలో పొగ అన్నది. ఆమెది గ్యాసు పొయ్యి.

ల్యాబు పోటీ సంగతీ చెప్పాలి కదా. అన్నీ కూడి చూస్తే మిషన్ ఎక్కువమందిలో పట్టింది, తొందరగా పట్టింది. కాని ఎక్కువగా చెడింది కూడా అదే. అది చెడిన చోట కొందరిని గుడ్డు పట్టుకుంది. అంత పోట్లాట జరిగాక పైవాళ్లు ఇచ్చిన తీర్పు ఏమిటంటే, మిషన్ వాడండి, పక్కన ఒక గుడ్డు సీసా కూడా పెట్టండి అని. రెండు పార్టీలూ గెలిచామనే అంటాయి. నేను ఇప్పటికీ గుడ్లు కడుగుతున్నాను, కాకపోతే గిన్నె చిన్నదైంది.

రిపోర్టు వచ్చిన మరునాడే మా ఆయన చెన్నూరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మూతికి మాస్కు. వాకిట్లో కాళ్లు కడుక్కున్నాడు, చేతులు కడుక్కున్నాడు, మళ్లీ చేతులు కడుక్కున్నాడు. గడప దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఏడాదిగా బయటి మంచం మీద, వేరే కంచంలో, వేరే గ్లాసుతో బతికిన మనిషి. లోపలికి రావచ్చని కాగితం చెప్పింది గాని, కాళ్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

"లోపలికి రా అన్నా" అన్నది వియ్యపురాలు.

"ఈడ నుంచే సూస్త చెల్లె. కనవడుతున్నది."

"ఏం కనవడ్తది ఆడికి? నీ కండ్లేమన్న మైక్రోస్కోపులా?"

బిడ్డ మంచం దిగబోయింది. వియ్యపురాలు ఆమెను కదలొద్దని గదమాయించి, తానే పిల్లను ఎత్తుకుని గడప దగ్గరికి వచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన ఊపిరి బిగపట్టుకున్నాడు. అలా ఎంతసేపు పట్టుకుంటాడో చూద్దామన్నట్టు ఆమె కాసేపు చూసి, చెయ్యి చాపి ఆయన చెవి వెనక మాస్కు తాడు తీసేసింది.

"ఊపిరిడువు అన్నా. పొల్లకు తాత మొఖం సూడనీ."

పిల్ల చూసింది. ఆ పెద్ద మీసాలను రెండు క్షణాలు నిదానంగా చూసి, మూతి వంకర చేసి, గుక్కపట్టి ఏడ్చింది. ఇల్లంతా దద్దరిల్లింది. మా ఆయన కంగారుగా నా వైపు తిరిగి, "తీస్కోవే, భయపడ్తున్నది" అన్నాడు.

తీసుకోలేదు. మా బిడ్డ కూడా మంచంలో నుంచి, "నువ్వే సముదాయించు బాపు" అన్నది. ఆయన గడప దాటి లోపలికి వచ్చి, పిల్లను భుజాన వేసుకుని, ఆ గోడ నుంచి ఈ గోడకు నడవడం మొదలుపెట్టాడు.